నాలుగు వందల పదమూడో లెక్క

ఎర్ర పెన్సిలు మొన అరిగిపోయింది. అత్తయ్య బ్లేడు తీసి చెక్కుకుని, పొట్టుని పాత కవర్లోకి దులిపి, మళ్ళీ మూడు వందల ఆరో పేజీ మీదకి వంగింది. ఎడమ చేతి కింద చెక్క స్కేలు. స్కేలు ఒక్కో వరుసా కిందకి దిగుతుంటే కళ్ళు దాని వెంటే నడుస్తున్నాయి. సైన్ ఉండాల్సిన చోట కాస్ పడిందా, హద్దుల్లో సున్నా కిందా π పైనా సరిగ్గా కూర్చున్నాయా, వర్గం గుర్తుగా వేసిన చిన్న రెండు కిందకి జారి పెద్ద రెండైపోయిందా. ఇదంతా చూడడానికి ఆవిడ పెద్దగా ఆలోచించక్కర్లేదు. ముప్పై మూడేళ్ళ అలవాటు.

పెన్సిలు రెండో చివర పంటి గాట్లున్నాయి. అచ్చుతప్పు దొరికినప్పుడల్లా ఆవిడ పెన్సిలు కొరుకుతుంది. కొందరు గోళ్ళు కొరుకుతారు, ఈవిడకి ఇదీ.

ఆ ప్రెస్సులో అందరికీ ఆవిడ అత్తయ్యే. యజమాని కొడుకు, అంటే ఆవిడ మేనల్లుడు, నిక్కర్ల రోజుల్లో ఈ బల్ల చుట్టూ తిరుగుతూ అత్తయ్యా అత్తయ్యా అని ప్రాణం తీసేవాడు. వాడు పెద్దవాడై వేరే వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు గానీ వాడి పిలుపు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. కంప్యూటర్ మీద టైపు చేసే ఆవిడకి నలభై దాటాయి, ఆవిడకీ అత్తయ్యే. బైండరుకి డెబ్భై నిండాయి, అతనికీ అత్తయ్యే. తనకంటే పదమూడేళ్ళు చిన్నదాన్ని పట్టుకుని అతను అత్తయ్యా అంటుంటే మొదట్లో అందరూ నవ్వేవాళ్ళు. ఇప్పుడెవరికీ నవ్వు రావడం లేదు.

కింద వెనకవైపు పెద్ద మెషిన్, దాని పక్కన చీటీలూ రసీదులూ కొట్టే చిన్న మెషిన్, కుడివైపు బైండింగు గది, ముందు గదిలో రెండు బల్లలు. మెట్లెక్కితే యజమాని గది, అంటే ఆవిడ అన్నయ్య గది. ఈ ప్రెస్సు బతుకుతున్నది ఒక్క పుస్తకం మీద. త్రికోణమితి ప్రమేయాల నిశ్చిత సమాకలనులు, అంటే డెఫినిట్ ఇంటిగ్రల్స్, సాధనలతో సహా. కాలేజీ పిల్లలకి అన్నయ్యే మాస్టారు, అందుకని దాన్ని ‘మాస్టారి పుస్తకం’ అంటారు. పదకొండు ముద్రణలు అయిపోయాయి. ఇది పన్నెండోది. పదహారేసి పేజీల ఫారాలు పంతొమ్మిది అచ్చయి, మడతలు పడి, బైండింగు గదిలో పేర్చి ఉన్నాయి. మిగిలింది ఈ ఇరవయ్యో ఫారమూ, ముందుమాట ఉన్న చిన్న ఫారమూ. రేపు సాయంత్రం మాస్టారికి సన్మాన సభ. అక్కడ పంచడానికి ఇవాళ సాయంత్రానికల్లా వంద కాపీలు తయారవ్వాలి.

ఆ ప్రెస్సులో ఒక కట్టుబాటు ఉంది. ఏ ఫారమైనా సరే, కుడివైపు కింద మూల ఎర్ర పెన్సిలుతో ‘చూ’ అన్న అక్షరం పడందే మెషిన్ ఎక్కదు. చూశాను అని దానర్థం. ఆ అక్షరం అత్తయ్యదే అయ్యుండాలి. ఒకసారి ఆవిడకి విషజ్వరమొచ్చి తొమ్మిది రోజులు మంచం దిగకపోతే మెషిన్ కూడా తొమ్మిది రోజులు పడుకుంది.

ఆవిడకి తనదైన కట్టుబాటు ఇంకొకటుంది. ముందు బొమ్మ, తర్వాత లెక్క. సమాకలని కనబడగానే పక్క ఖాళీలో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి, ఆ ప్రమేయం ఎక్కడ మొదలై ఎంత ఎత్తుకి లేచి ఎక్కడ దిగుతుందో ఒక వంపు గీసి చూస్తుంది. ఆ వంపు కింద ఎంత చోటు ఉందో ఉజ్జాయింపుగా అనుకుంటుంది. ఆ తర్వాతే జవాబు వంక చూస్తుంది. ప్రూఫులు దిద్దేవాళ్ళకి ఈ బాధంతా అక్కర్లేదు. అక్షరానికి అక్షరం పోల్చి పంపేస్తే సరిపోతుంది. కానీ ఈ నాలుగు వందల పన్నెండు లెక్కలూ ఆవిడకి తెలియనివి కావు. వీటిని కన్నది ఆవిడే.

మూడు వందల పద్దెనిమిదో పేజీకి వచ్చేసరికి పదకొండు కావస్తోంది. ఆ పేజీ నిండా ఒకే లెక్క ఉంది. పైన చుట్టూ గీత కొట్టి, ‘రచయిత ప్రత్యేక సాధన’ అని లావు అక్షరాల్లో వేయించాడు అన్నయ్య. నాలుగు వందల పదమూడో లెక్క. నెల రోజులుగా ఫారం ఆగింది దీని కోసమే. ఈసారి నేనే స్వయంగా ఒకటి కలుపుతున్నాను అని ఆయన అందరికీ చెప్పుకున్నాడు.

ఒకటి బై, ఒకటి ప్లస్ కాస్ స్క్వేర్ ఎక్స్. సున్నా నుంచి π దాకా.

అత్తయ్య అలవాటుగా పక్కన బొమ్మ గీసింది. మొదట అర ఎత్తు. మెల్లగా లేచి నట్టనడుమ ఒకటి. మళ్ళీ దిగి చివర అర. ఎక్కడా అర కిందకి దిగలేదు. పొడవు మూడు చిల్లర. అంటే ఎంత తక్కువ వేసుకున్నా ఒకటిన్నర దాటాలి. అప్పుడు జవాబు చూసింది.

సున్నా.

ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. సున్నాయే. సాధన మొదటి వరుస నుంచి చదివింది. టాన్ ఎక్స్ ని టీ అనుకున్నాడు. ఎక్స్ సున్నా అయితే టీ సున్నా. ఎక్స్ π అయితే టీ మళ్ళీ సున్నా. రెండు హద్దులూ ఒకటే కాబట్టి జవాబు సున్నా అని తేల్చి చేతులు దులుపుకున్నాడు. నడిమధ్యన టాన్ అందకుండా ఎగిరిపోతుందనీ, అక్కడ ఆగి లెక్కని రెండు ముక్కలు చేయాలనీ ఆయనకి తట్టనే లేదు. మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పు అది. మాస్టారు నిండా పప్పులో కాలేశాడు.

ఆవిడ పెన్సిలు కొరకలేదు. బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుండె దడదడా కొట్టుకుంటోంది. ఆ దడలో సంతోషం ఉంది. సంతోషమని ఒప్పుకోవడానికి ఆవిడేమీ సిగ్గుపడలేదు. ముప్పై మూడేళ్ళుగా ఆయన సొంతంగా ఒక్క లెక్క చేస్తే చూడాలని కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూసింది మరి.

అమ్మ జబ్బు పడ్డప్పుడు ఆవిడకి ఇరవై ఒకటి. అమ్మకి పక్షవాతమొచ్చి మంచాన పడింది. డిగ్రీలో లెక్కలు చదువుకుని, పైచదువు మాట మరిచిపోయి, అమ్మకి పక్కలు మారుస్తూ, ఆ మంచం పక్కనే చాప వేసుకుని కూర్చుని పొడుగు నోటుపుస్తకాల్లో లెక్కలు చేసేది. రెండేళ్ళలో మూడు పుస్తకాలు నిండాయి. ప్రతి లెక్క పక్కనా ఒక బొమ్మ. అన్నయ్య అప్పట్లో ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. అంతకుముందు ఆయన ఎమ్మెస్సీ రెండోసారి తప్పినప్పుడు, పక్కన కూర్చోబెట్టుకుని సైన్ వంపులూ కాస్ వంపులూ గీసి చూపించింది ఈ చెల్లెలే. చెల్లెలి నోటుపుస్తకాలు చూసి, ‘ఇవి అచ్చు వేయిస్తానే’ అని పట్టుకెళ్ళాడు. ఏడాది తిరిగేసరికి పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆయన పేరు. లోపల ఎంత వెతికినా ఆవిడ పేరు లేదు.

‘నా పేరేది అన్నయ్యా?’ అని అడిగింది.

‘ఇంటిపేరు ఉందిగా. అందులో నువ్వు లేవా?’ అన్నాడు.

అమ్మ మంచంలోంచి చూస్తోంది. మాట పడిపోయి ఏడాది దాటింది కాబట్టి ఏమీ అనలేదు. ఇంట్లో మందులు ఆయన తెస్తేనే వస్తాయి. ఆవిడ నోరు మెదపలేదు. తన నోటుపుస్తకాలు తనకిమ్మని రెండు మూడుసార్లు అడిగితే చెదలు పట్టాయన్నాడు. పుస్తకం పుణ్యమా అని ప్రెస్సు పెట్టాడు. ప్రూఫులు నీకంటే బాగా చూసేవాళ్ళెవరని ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అమ్మ ఇంకో ఏడేళ్ళు ఉండి పోయింది. ఈలోగా ఆవిడ పెళ్ళి మాట ఎత్తిన మనిషి లేడు. ఎత్తాల్సింది అన్నయ్యే, ఆయనకి తీరిక లేదు.

ఆవిడ బతుకులో చెప్పుకోవడానికి ఇంతకంటే ఏమీ లేదు. పది నిమిషాల నడక దూరంలో ఒక గది, ఒక పొయ్యి, కిటికీలో రెండు పూలకుండీలు. మధ్యాహ్నం డబ్బా. నెలకోసారి కళ్ళు మంటపుడితే చుక్కల మందు. ఎవరి జోలికీ పోదు, ఎవరితోనూ గొడవ పడదు. ఎంత నెమ్మదస్తురాలో అంటారంతా. ఆ నెమ్మది కింద ఏముందో ఎవరూ అడగలేదు. ప్రతి ముద్రణకీ అట్ట మీద ఆయన పేరు ఒత్తులతో సహా సరిగ్గా పడిందో లేదో చూసి ‘చూ’ పెట్టాల్సింది ఆవిడే. పదకొండుసార్లు పెట్టింది. పెట్టిన ప్రతిసారీ అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆవిడ చిన్న ఫారం ముందుకు లాక్కుంది. ముందుమాట. చివరి పేరాలో కృతజ్ఞతలు. కాగితం సరఫరా చేసిన వర్తకుడికి, పేరుతో. అట్ట బొమ్మ వేసినవాడికి, పేరుతో. పంటినొప్పి తగ్గించి ఈ పని సాగేలా చేసిన డాక్టరుకి, అదీ పేరుతోనే. ఆఖర్న ‘ప్రూఫులు దిద్దిన సిబ్బందికి’ అని ఒక్క ముక్క.

‘ఓహో, సిబ్బందిని’ అనుకుంది అత్తయ్య.

పన్నెండింటికి అన్నయ్యే మెట్లు దిగి వచ్చాడు. అరవై ఆరేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు. గుండె జబ్బు ఉందని డాక్టరు మెట్లు తగ్గించమన్నాడు గానీ ఇవాళ ఆయన కాళ్ళు నేల మీద లేవు. బల్ల అంచున చేయి ఆనించి నిలబడ్డాడు.

“చూశావా?”

“చూశాను.”

“మూడు వందల పద్దెనిమిది?”

“అదీ చూశాను.”

“ఎలా ఉంది మరి?” అన్నాడు. ఆ గొంతులో మాస్టారు లేడు. పలక పట్టుకొచ్చి చూపించే చిన్నపిల్లాడు ఉన్నాడు. అది చూసి ఆవిడకి ఒక్క క్షణం జాలేసింది. ఎంతైనా తోడబుట్టినవాడు. తప్పు చూపించేద్దామని నోటి దాకా వచ్చింది.

“బొమ్మ గీశావా అన్నయ్యా?”

“బొమ్మలు పిల్లలకమ్మా. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడికి బొమ్మలేంటి? టాన్ పెట్టాను, హద్దులు మార్చాను, రెండూ ఒకటే అయ్యాయి, సున్నా. ఎంత ముచ్చటగా తేలిందో చూడు. నీకింకా ఆ బొమ్మల పిచ్చి పోలేదా?”

“ఇంకోసారి చూసుకోరాదూ? మెషిన్ ఎక్కడానికి గంట టైముంది.”

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. “ఏం, నాకు లెక్కలు నేర్పుతావా ఇప్పుడు? అచ్చుతప్పులుంటే చూడు తల్లీ, చాలు.”

“అచ్చుతప్పులేం లేవు.”

“అదీ మాట.” మళ్ళీ నవ్వాడు. “అయినా నీ పని హాయి. చేరినప్పుడూ ఈ బల్లే, ఇప్పుడూ ఈ బల్లే. ఏ తలనొప్పీ లేదు. అదృష్టవంతురాలివి.”

“ముందుమాటలో పళ్ళ డాక్టరు పేరు వేశావు.”

“ఆయన రేపు సభకి వస్తున్నాడు. బాగుండదనీ.”

“నా పేరు లేదు.”

“సిబ్బందికి అని వేశానుగా. అందులో నువ్వు లేవా?” అంటూ బల్ల మీదున్న ఎర్ర పెన్సిలు తీసుకున్నాడు. “ఇది నా దగ్గరుంచుతాను. రేపటి ఉపన్యాసంలో గుర్తులు పెట్టుకోవాలి.” ఇస్తావా అని అడగలేదు. ఏనాడు అడిగాడు గనక? మూడు పెన్నుల పక్కన నాలుగోదిగా దాన్ని జేబులో పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అత్తయ్య ఆ మెట్ల వంకే కాసేపు చూసింది. ఆ జాలి ఎక్కడికి పోయిందో మరి, వెతికినా దొరకలేదు. సొరుగులోంచి కొత్త పెన్సిలు తీసి చెక్కుకుంది. రెండు ఫారాల మీదా కుడివైపు కింద మూల ‘చూ’ అని రాసింది. చూసింది, అబద్ధమేం లేదు. ఫారాలు మెషిన్ దగ్గరకి వెళ్ళిపోయాయి.

ఇక ఇంకో పని మిగిలింది. ఏ ముద్రణకైనా అచ్చయిపోయాక బయటపడ్డ తప్పులకి ఒక చీటీ వేసి పుస్తకాల్లో పెడతారు. అన్నయ్యకి ఆ చీటీ అంటే ఒళ్ళు మంట. తన పేరున్న పుస్తకంలో తప్పులున్నాయంటే ఆయన భరించలేడు. రెండో ముద్రణప్పుడే హుకుం జారీ చేశాడు. తప్పొప్పుల చీటీ నా బల్ల మీదకి రాకూడదు, నన్ను అడగక్కర్లేదు, రాసేది చెల్లెలు, పెట్టేది బైండరు, అంతే. అప్పటినుంచి అదే ఆచారం. చీటీలో ఏం రాశారని అడిగిన మనిషి లేడు.

అత్తయ్య చిన్న కాగితం మీద ఆరు వరుసలు రాసింది. ఒక్క కొట్టివేతా లేదు. కొన్నేళ్ళుగా లోపల రాసుకుంటున్నదే కాబట్టి తడుముకోలేదు. తీసుకెళ్ళి కంప్యూటర్ ఆవిడ ముందు పెట్టింది.

ఆవిడ టైపు చేస్తూ చేస్తూ మూడో వరుస దగ్గర ఆగిపోయింది.

“అత్తయ్యా, ఇది... ఇలాగే కొట్టమంటారా?”

“ఉన్నదున్నట్టు కొట్టు. అక్షరం మార్చకు.”

“మాస్టారి లెక్క నిజంగా తప్పా?”

“ఒక గోడ అనుకో. ఆ చివర నీ నడుమంత ఎత్తు, మధ్యలో నీ అంత ఎత్తు, ఈ చివర మళ్ళీ నడుమంత. దానికి రంగు వేయాలి. ఎంత పడుతుంది?”

“ఎంతో కొంత పడుతుంది.”

“మీ మాస్టారు ఒక్క చుక్క కూడా పట్టదంటున్నారు.”

ఆవిడ కిసుక్కున నవ్వి, వెంటనే మెట్ల వైపు చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, రాత్రంతా కూర్చుని చదివే పిల్లలు అదే నమ్ముతారు గదా.”

“అందుకే చీటీ.”

“చీటీ మొదటి వరుసకే అయిపోయింది గదండీ. మిగతాది దేనికీ?”

“మిగతాది నాకు.”

ఆవిడ మళ్ళీ తెర వైపు తిరిగింది. టకటకా కొట్టుకుంటూ వెళ్ళి ఆఖరి వరుస దగ్గర మళ్ళీ ఆగింది. ఈసారి తలెత్తి అత్తయ్యని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. “ఇది మీ పేరా? పద్నాలుగేళ్ళ నుంచి పక్కపక్కన కూర్చుంటున్నాం, నాకు తెలీదు చూడండి. ఎంత బాగుందో.”

అత్తయ్య తెర మీదకి వంగి ఆ పేరు చదువుకుంది. “ఇంటిపేరు తీసెయ్” అంది. “ఒట్టి పేరు చాలు.”

రెండున్నరకల్లా చిన్న మెషిన్ మీద ఐదువేల చీటీలూ అచ్చయ్యాయి. అరచేతిలో పట్టేంత కాగితం. దాని మీద ఇలా ఉంది:

తప్పొప్పుల పట్టిక. పుట 318, లెక్క 413. జవాబు ‘సున్నా’ అని ఉన్నచోట ‘π బై రూట్ రెండు’ అని చదువుకోవలెను. ఈ పుస్తకంలో రచయిత స్వయంగా చేసిన లెక్క ఇదొక్కటే. మిగిలిన నాలుగు వందల పన్నెండు లెక్కలూ చేసినది...

కింద ఆవిడ పేరు.

బైండింగు గదిలో జిగురు వాసన. బైండరు నేల మీద గోనె పరుచుకుని, కుట్టిన పుస్తకాలకి అట్టలు అంటిస్తున్నాడు. చీటీల కట్ట అతని పక్కన పెట్టి, “మూడు వందల పద్దెనిమిదో పేజీలో పెట్టు. పైకి వెళ్ళే కాపీలో వద్దు, ఎప్పట్లాగే” అంది.

అతను ఒక చీటీ తీసి, చేయి దూరంగా చాచి, పెదవులు కదుపుతూ చదివాడు. చదివి, దాన్ని జాగ్రత్తగా ఒక పుస్తకంలో పెట్టాడు.

“నేనీ పుస్తకం మొదటిసారి కుట్టినప్పుడే అనుకున్నానమ్మా” అన్నాడు. “ఆయన రాత ఇలా ఉండదు గదా, ఇంత ఓపిక ఆయనకెక్కడిదీ అని.”

“మరి అప్పుడే అనలేదేం?”

“మీరే అనలేదు. నేనెవర్ని?”

ఆవిడ బల్ల దగ్గరకొచ్చి డబ్బా విప్పింది, నాలుగు ముద్దలు తిని మూసేసింది. రేపటి సభ కళ్ళముందు ఆడుతోంది. వేదిక మీద ఆయన మెడలో దండ. ముందు వరుసలో లెక్కల లెక్చరర్లు. ఎవరో ఒకరు పుస్తకం తిరగేస్తారు. చీటీ ఒళ్ళోకి జారుతుంది. చదివి పక్కవాడికి ఇస్తాడు. ఆ పక్కవాడు ఇంకొకడికి. గుసగుసలు వరుస వెంట వరుస పాకుతాయి. ఉపన్యాసం మధ్యలో ఆయనకి అర్థమవుతుంది. ఆ ముఖం చూడాలి. ఆ ముఖం కోసం ఆవిడ చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చుంటుంది. మంచి చీర ఏది కట్టుకోవాలో కూడా అనుకుంది.

మూడున్నరకి బైండరు వచ్చాడు. చేతులకి జిగురు అలాగే ఉంది.

“అత్తయ్యా, పొరపాటైపోయింది. మాస్టారే దిగొచ్చి దొంతర పైనుంచి ఒక పుస్తకం తీసుకెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళలో ఆ గుమ్మం తొక్కిన మనిషి కాదు. ఆగండి, మీ కాపీ వేరే ఉందంటే వినలేదు. నా లెక్క చూసుకోవాలయ్యా అన్నారు.”

“అందులో చీటీ ఉందా?”

“అన్నిట్లోనూ ఉంది.”

“ఎప్పుడు?”

“అరగంట అయ్యుంటుంది. చెబుదామంటే మీరు తింటున్నారు.”

అత్తయ్య డబ్బా పక్కకి జరిపింది. సరే, కానీ. రేపు కాకపోతే ఇవాళే. పైనుంచి అరుపు వినబడుతుందని చూసింది. ఆయన అరిస్తే మెషిన్ మోత కూడా చిన్నబోతుంది. ఏం సమాధానం చెప్పాలో కూడా అనుకుంది. ‘పుస్తకంలో నీ పేరుందిగా, చీటీలో నా పేరుంటే నీకేం?’ అని అడుగుతుంది. అందరూ వినేలా అడుగుతుంది. తలుపు చప్పుడు కోసం, బెల్లు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. నాలుగయింది. నాలుగుంబావు అయింది. పైన అడుగుల చప్పుడు కూడా లేదు. పరువు పోయిందని తలుపు వేసుకున్నాడు కాబోలనుకుంది. వేసుకోనీ. ఎన్ని తలుపులు వేసుకుంటాడు?

నాలుగున్నరకి టీ పట్టుకుని పైకి వెళ్ళింది కంప్యూటర్ ఆవిడ. టీ గ్లాసుతోనే దిగొచ్చింది. మెట్ల మధ్యలో నిలబడిపోయి, “అత్తయ్యా” అంది. పై గది వైపు చేయి చూపించింది.

డాక్టరు వచ్చి చూసి, గంట క్రితమే అయిపోయింది, నొప్పి కూడా తెలిసి ఉండదు అన్నాడు. మెషిన్ ఆపేశారు. వదినకీ మేనల్లుడికీ కబురు వెళ్ళింది. ఈ హడావిడిలో అత్తయ్య తన కుర్చీలోనే కూర్చుంది. ఏడుపు రాలేదు. అందరూ తన ముఖం వంక చూస్తున్నారని తెలుసు, అయినా రాలేదు. వచ్చినదల్లా కోపమే. ముప్పై మూడేళ్ళు ఆగింది, ఇంకొక్క రోజు ఆగలేకపోయాడా ఈ మనిషి? పేరు పట్టుకుపోయాడు, పుస్తకాలు పట్టుకుపోయాడు, ఆఖరికి రేపు తను చూడాల్సిన ఆ ముఖం కూడా పట్టుకుపోయాడు. తప్పించుకున్నాడు. దొరికినట్టే దొరికి తప్పించుకున్నాడు.

బైండరు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. “సభ ఎటూ ఉండదు. పుస్తకాలు మాత్రం కొట్లకి వెళ్తాయి. మరి... చీటీలు తీసెయ్యమంటారా అమ్మా?”

కంప్యూటర్ ఆవిడ కూడా తలెత్తి చూసింది. తీసేయమంటుందనే ఇద్దరూ అనుకున్నారు. పోయినవాడి మీద పగేమిటని ఎవరైనా అనుకుంటారు.

“ఎన్ని పెట్టావు?” అంది అత్తయ్య.

“వందకీ పెట్టాను.”

“మిగతా వాటికీ పెట్టు. ఐదువేలకీ పెట్టు.”

“అమ్మా...”

“ఆయన పోతే జవాబు మారుతుందా?” అంది. “లెక్క చేసింది నేను కాకుండా పోతానా?”

అతను తలవంచుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి కాగితాల చప్పుడు మళ్ళీ మొదలైంది.

అప్పుడావిడ లేచి మెట్లెక్కింది. పెన్సిలు తెచ్చుకోవాలి. పైకి వెళ్ళడానికి అంతకంటే వేరే కారణం తనకి తాను చెప్పుకోలేదు. ఆయన్ని అప్పటికే పక్కనున్న బల్ల మీద పడుకోబెట్టి తెల్ల గుడ్డ కప్పారు. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరిగి ఉంది. బల్ల మీద పన్నెండో ముద్రణ, మూడు వందల పద్దెనిమిదో పేజీ దగ్గర బోర్లా పడి ఉంది. దాని పక్కన మడిచిన కళ్ళజోడు. ఆ పక్కన చీటీ.

చీటీ వెనక్కి తిప్పి ఉంది. ఖాళీగా ఉన్న ఆ వైపు అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. నిలువు గీత మీద రెండు చుక్కలు పెట్టి, ఒకదాని పక్కన అర అనీ, ఇంకోదాని పక్కన ఒకటి అనీ వణికే అంకెల్లో రాసి ఉంది. అర దగ్గర మొదలై ఒక వంపు పైకి లేచింది. ఎమ్మెస్సీ రోజుల్లో ఆవిడ నేర్పినట్టే, మణికట్టు బల్లకి ఆనించి గీసిన వంపు. నట్టనడుమ ఒకటి దాకా ఎక్కి అక్కడితో ఆగిపోయింది. ఎర్ర పెన్సిలు ఆ చివరే పడి ఉంది.

అత్తయ్య చీటీ మీదకి వంగి చూసింది. ఆయన చూసుకున్నాడన్నమాట. చీటీ చదివి, అరవలేదు, చించలేదు, బొమ్మ గీసుకున్నాడు. అర కిందకి ఎక్కడా దిగదని ఆయనకి తెలిసిపోయింది. తెలిసే పోయాడు. అది చాలునా అని తనని తానే అడిగి చూసుకుంది. చాలదనే అనిపించింది. కళ్ళు మాత్రం ఎందుకో మసకబారాయి, కొంగుతో ఒత్తుకుంది.

పెన్సిలు చేతిలోకి తీసుకుంది. రెండో సగం రెండు క్షణాల పని. అటు ఎక్కినట్టే ఇటు దించితే సరిపోతుంది. ఆయన వదిలేసిన సగాలన్నీ ఇన్నాళ్ళూ పూర్తి చేసింది తనే. మొన కాగితం దాకా వెళ్ళింది.

గీయలేదు. పెన్సిలు కొంగున ముడేసుకుని, లైటు ఆర్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆ ప్రెస్సులో ఏ ఫారం మీదా ‘చూ’ పడలేదు.

బల్ల మీద చీటీ అలాగే ఉంది, దాని వెనక అర దగ్గర బయల్దేరి ఒకటి దాకా ఎక్కి ఆగిన ఎర్ర గీతతో.